విశాఖ డాబా మీద టమాటా ఎందుకు మొండికేస్తుంది?

ఏప్రిల్ నెలలో విశాఖలో చాలా మిద్దె తోటల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. టమాటా మొక్క నడుమెత్తు పెరిగి, ఆకు పచ్చగా నిగనిగలాడుతూ గుత్తులు గుత్తులుగా పూస్తుంది. నాలుగు రోజులు తిరిగేసరికి పూతంతా కుండీ చుట్టూ రాలి ఉంటుంది. ఎరువు చాలలేదేమోనని వర్మీకంపోస్ట్ వేస్తారు. పుల్ల మజ్జిగ పోస్తారు. ఇంకో వీడియో చూసి ఇంగువ నీళ్ళు చల్లుతారు. పూత రాలుతూనే ఉంటుంది.

దీనికి కారణం కుండీలో లేదు, రాత్రి గాలిలో ఉంది. టమాటా పువ్వులో పుప్పొడి సరిగ్గా తయారై కాయ కట్టాలంటే రాత్రి వేళ చల్లదనం కావాలి. 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా కడుతుంది. 24 దాటాక పిందె తగ్గిపోతుంది. వేసవిలో విశాఖ రాత్రులు 26, 27 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి మే నెల పగలు కూడా ఇక్కడ విజయవాడ అంత మండదు. రాత్రి చల్లబడనివ్వనిదీ ఆ సముద్రమే. గాలిలో తేమ దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. వేసవిలో రాష్ట్రమంతా మదనపల్లె టమాటా తినడం వెనకున్న రహస్యమూ ఇదే. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది.

తెలుగులో మిద్దె తోటల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ వైపు నుంచి వచ్చినవి. అది పీఠభూమి, గాలి పొడిగా ఉంటుంది, చలికాలం గట్టిగానే ఉంటుంది. అక్కడ పనిచేసిన క్యాలెండర్‌ని ఇక్కడికి తెచ్చి అతికిస్తే మొక్కకు, మనిషికి ఇద్దరికీ టెన్షనే. విశాఖలో ఏ విత్తనం ఎప్పుడు వేయాలన్నా, ఏ నీళ్ళు పోయాలన్నా, చివరికి కుండీ ఎక్కడ పెట్టాలన్నా ముందు సముద్రం సంగతి చూసుకోవాలి.

కార్తెల లెక్క, తుఫాను లెక్క

పుస్తకాల ప్రకారం శీతాకాలపు కూరగాయలకు అక్టోబరు మంచి నెల. విశాఖలో ఆ నెలను నమ్ముకోవడం కష్టం. ఇక్కడ ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ముందుంటుంది, బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే కాలమూ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరం మీదే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఊళ్ళో వేల చెట్లు కూలాయి, కైలాసగిరి బోడిగా మిగిలింది. అంత పెద్దది మళ్ళీ మళ్ళీ రాకపోవచ్చు. కానీ చిత్త, స్వాతి కార్తెల్లో మూడు రోజుల ముసురు పట్టడం మాత్రం దాదాపు ప్రతి ఏడూ ఉండేదే. ఆ ముసురులో అప్పుడే నాటిన క్యాబేజీ, టమాటా నారు మొదట్లో కుళ్ళి పడిపోతుంది. ఇదే నారుకుళ్ళు తెగులు.

అందుకని అనుభవం ఉన్నవాళ్ళు సెప్టెంబరు చివర్లో ట్రేలలో నారు పోసి, వరండాలో వాన తగలనిచోట పెంచి, దీపావళి అయ్యాక కుండీల్లోకి మారుస్తారు. అక్కడి నుంచి ఫిబ్రవరి చివరిదాకా నాలుగు నెలలకు తక్కువ కాలమే చేతిలో ఉంటుంది. టమాటా, కాలీఫ్లవర్, ముల్లంగి, కొత్తిమీర, మెంతికూర అన్నీ ఆ కాలంలోనే రావాలి. నాటిన 65, 70 రోజులకు గానీ టమాటా కోతకు రాదు. జనవరిలో నాటితే కాయ కట్టే వేళకు మార్చి వచ్చేస్తుంది. విశాఖలో టమాటా విఫలమవడానికి తెగుళ్ళకన్నా ఈ ఆలస్యమే పెద్ద కారణం.

చిక్కుడుది ఇంకో కథ. ఆషాఢంలో విత్తిన పందిరి చిక్కుడు రెండు నెలల్లో డాబా అంతా అల్లుకుంటుంది కానీ ఒక్క పువ్వు పూయదు. వినాయక చవితి వెళ్తుంది, దసరా వెళ్తుంది. విసిగిపోయి పీకేసేవాళ్ళు ఉన్నారు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. రోజులు కురచవుతూ కార్తీకం వచ్చేసరికి పూత మొదలై, సంక్రాంతి నాటికి బుట్టలు నిండుతాయి. రథసప్తమినాడు సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఊరికే పుట్టిన ఆచారం కాదనిపిస్తుంది. ఆ రోజుల్లో పెరట్లో దండిగా ఉండే కాయ అదే మరి.

ఇక ఎండాకాలం అంటే తోట ఖాళీ అని చాలామంది అనుకుంటారు. నిజానికి విశాఖకు అది మంచి కాలమే, పంటలు మార్చుకుంటే చాలు. తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, దొండ, కాకర వేడి రాత్రులకు వెరవవు. తోటకూర వేసిన 25 రోజులకే కోతకు వస్తుంది. బెండ 45, 50 రోజులకు మొదలవుతుంది. మే నెలలో కొత్తిమీర వేసి, అది వేలెడెత్తు రాగానే పూతకు వెళ్ళిపోతోందని బాధపడటం కన్నా బచ్చలి తీగ పాకించుకోవడం తెలివైన పని. కందతో కలిపి వండుకోవడానికి ఎలాగూ కావాలి.

లంబసింగి టూరు వెళ్ళి స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చుకునేవాళ్ళ గురించి కూడా ఒక మాట. అక్కడ ఎత్తు వెయ్యి మీటర్ల దాకా ఉంది. కిందికి దిగాక ఆ మొక్క ఫిబ్రవరి దాటడం కష్టం. ఫొటోకి బాగుంటుంది.

నీళ్ళలో ఉప్పు, గాలిలో ఉప్పు

బీచ్‌కు దగ్గరగా ఉండే కాలనీల్లో బోరు నీళ్ళు పోసిన కుండీల అంచుల మీద తెల్లటి పూత పేరుకుంటుంది. ఆకుల చివర్లు కాలినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి. నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు, ఉప్పు ఇంకా చేరుతుంది. భూగర్భజలం తోడేకొద్దీ తీరం వెంట సముద్రపు నీరు లోపలికి చొచ్చుకురావడం వల్ల వచ్చిన తిప్పలివి. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పగా తెలిసే నీళ్ళు బీన్స్‌కి, నిమ్మకి, మామిడికి పనికిరావు. పాలకూర, గోరుచిక్కుడు, గంగవాయల కూర, సపోటా కొంత తట్టుకుంటాయి. మొక్కలు కొనేముందే ఇంట్లో నీళ్ళ రుచి చూడటం ఖర్చులేని పరీక్ష.

ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్ళను మొక్కలకు పోయమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా చేరేది ఆ నీళ్ళలోనే. బోరు నీళ్ళే ఉప్పన అయిన ఇంట్లో ఆ వృథా నీళ్ళు వాటికన్నా ఉప్పగా ఉంటాయి. అవి నేల తుడవడానికి పనికొస్తాయి. దానికి బదులు ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకోవచ్చు. విశాఖ గాలిలో ఉన్న తేమకు రాత్రంతా ఏసీ నడిస్తే బకెట్టు నిండే రోజులున్నాయి. అందులో ఉప్పు దాదాపు ఉండదు. వానాకాలంలో డాబా నీళ్ళు డ్రమ్ముకు మళ్ళిస్తే ఇంకా మంచిది. వేసవిలో నెలకోసారి ప్రతి కుండీని అడుగు రంధ్రాల నుంచి నీరు ధారగా పోయేదాకా మంచినీళ్ళతో తడిపితే పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతుంది.

కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది. తీర ప్రాంతపు కొబ్బరి పీచు నుంచి వచ్చే పొట్టు కాబట్టి కొన్నవెంటనే వాడకుండా రెండు మూడు సార్లు నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోయాలి.

గాలి ఉప్పు ఇంకో రకం. సముద్రానికి ఎదురుగా ఉండే అపార్ట్‌మెంట్లలో నాలుగైదు అంతస్తుల పైన లేత ఆకు నలుపెక్కి ముడుచుకుపోతే అన్నిసార్లూ అది తెగులు కాకపోవచ్చు. తుఫాను గాలి తర్వాతయితే ఇది మరీ ఎక్కువ. వాన తెరిపి ఇవ్వగానే ఆకుల్ని మంచినీళ్ళతో కడగడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. పోర్టు చుట్టుపక్కల, వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ళలో నల్లటి దుమ్ము కూడా తోడవుతుంది. అక్కడ ఆకుకూరలకన్నా తొక్క తీసి వండుకునే ఆనప, బీర లాంటివి వేసుకోవడం మేలు. ఆకుకూర వేసుకున్నా రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి.

స్లాబు ఎంత మోస్తుంది?

మిద్దె తోటల మీద వచ్చే వ్యాసాల్లో దాదాపు ఎవరూ పట్టించుకోని విషయం బరువు. మనుషులు తిరిగే చదును డాబాకు డిజైన్ లెక్కల్లో తీసుకునే అదనపు భారం, భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మనుషులు ఎక్కని డాబాకైతే అందులో సగమే.

ఇప్పుడు మట్టి లెక్క చూడాలి. తడిసిన ఎర్రమట్టి లీటరుకు ఒకటిన్నర కిలో పైనే తూగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అడుగు లోతున ఇటుకలతో మడి కట్టి మట్టి నింపితే 300 లీటర్లు. అంటే 450 కిలోలకు పైమాట. స్లాబు లెక్కకు మూడింతలు. ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది. పెద్ద నీలం డ్రమ్మును సగానికి కోసి మట్టి నింపి జామ నాటితే చెట్టు బరువు కాకుండానే 150 కిలోలు. అలాంటివి నాలుగు డాబా మధ్యలో వరసగా పెట్టిన ఇళ్ళు కనిపిస్తుంటాయి.

దీనికి విశాఖలో ఉప్పుగాలి కూడా తోడు. తీరం దగ్గరి పాత ఇళ్ళలో స్లాబు లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కింద గదిలో సీలింగు పెచ్చులు ఊడటం తెలిసిందే. పెచ్చులూడుతున్న డాబా మీద తోట పెట్టకూడదు. ముందు ఇంజనీరుకి చూపించుకోవాలి, బాగుచేయించాలి, తోట సంగతి తర్వాత.

బరువు తగ్గించడానికి మట్టి, కోకోపీట్, బాగా మాగిన పశువుల గెత్తం లేదా కంపోస్ట్ సమపాళ్ళలో కలుపుతారు. ఈ మిశ్రమం తడిసినా లీటరుకు ఒక కిలో, కాస్త అటూ ఇటూగా తూగుతుంది. ఆకుకూరలకు అరడుగు లోతు చాలు, వంగ, బెండ, మిరపకు అడుగు లోతు కుండీ కావాలి. అరడుగు మడి కూడా డాబా అంతా పరిస్తే పరిమితి అంచుకు చేరినట్టే, అందుకే మధ్యలో ఖాళీలు వదలాలి. డ్రమ్ముల్ని కింద గోడ గానీ, బీము గానీ ఉన్నచోట, వీలైతే స్తంభం తల మీద పెట్టాలి. అన్నిటినీ ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో ఎత్తితే కింద తడి ఆరుతుంది. అపార్ట్‌మెంటులో పై డాబా సాధారణంగా అందరి ఉమ్మడి స్థలం కాబట్టి అసోసియేషన్‌ని అడగకుండా మొదలుపెట్టిన తోటలు మొదటి లీకేజీ రోజునే కిందికి దిగిపోతాయి. లీకు నిజంగా కుండీల వల్లే వచ్చిందా అని అప్పుడెవరూ చూడరు.

కుండీ కింద పెట్టే ప్లేట్ల సంగతి కూడా ఇక్కడే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు, అది వెతుక్కునేది ఇలాంటి మంచినీళ్ళనే. శుక్రవారం డ్రైడే, అంటే నిలవ నీళ్ళన్నీ పారబోసే రోజు, అని ఆరోగ్య శాఖ చెప్పేది ఈ లెక్క మీదే.

సెప్టెంబరు చివరికి షేడ్ నెట్ విప్పేయాలి. ఏప్రిల్, మే నెలల్లో అది మొక్కకు గొడుగు, అక్టోబరు గాలికి తెరచాప. తుఫాను హెచ్చరిక వస్తే పిట్టగోడ మీది కుండీలు ముందు దించాలి. నాలుగో అంతస్తు నుంచి కింద పడే పది కిలోల కుండీ ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

పువ్వు ఉంది, పిందె నిలవదు

పాదుల విషయంలో వచ్చే ఫిర్యాదు వేరు. ఆనపపాదుకు ఆడపువ్వు వస్తుంది, వెనక వేలెడు పిందె ఉంటుంది, రెండు రోజులకు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మీద, ఎదురుగాలిలో తేనెటీగలు, రాత్రిపూట పువ్వుల మీద వాలే మాత్‌లు తక్కువ తిరుగుతాయి. మగపువ్వు కోసి దాని పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అద్దాల్సిందే. అయితే వేళ తెలియాలి. ఆనప పువ్వు సాయంత్రం చీకటిపడే వేళకు విచ్చుకుంటుంది. బీర కూడా సాయంత్రమే. కాకర, దోస పొద్దున్నే. పొద్దున్న ఏడింటికి వెళ్ళి ముడుచుకుపోయిన ఆనప పువ్వుకు పుప్పొడి అద్దితే ఫలితం అంతంతమాత్రమే. ఈ తలనొప్పి వద్దనుకుంటే దొండ కాడ నాటుకోవచ్చు. ఇళ్ళలో పెంచే దొండకు మగపువ్వుతో పెద్దగా పని లేదు, ఒకసారి పందిరెక్కితే ఏళ్ళ తరబడి కాస్తుంది.

పురుగుల గురించి క్లుప్తంగా. తేమ గాలిలో పిండినల్లి, తెల్లదోమ, పేనుబంక ఎప్పుడూ ఉంటాయి. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగున తగిలేలా వారానికోసారి కొడితే అదుపులో ఉంటాయి. వంగలో తలలు వాలిపోయిన కొమ్మ కనిపిస్తే లోపల తొలుచు పురుగు ఉన్నట్టు. మందు వెతుక్కునేలోపే ఆ కొమ్మను కింది నుంచి తుంచి దూరంగా పారేయాలి, కంపోస్ట్ డబ్బాలో వేయకూడదు. బెండ ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మొక్క పీకేయడమే, మందు లేదు. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. ఒకదాని తర్వాత ఒకటి అదే మట్టిలో వేస్తే నిలువునా వడలిపోయే తెగులు కూడా వారసత్వంగా వస్తుంది.

ఎరువు విషయంలో మాత్రం విశాఖకు ఎక్కడా లేని సౌకర్యం ఉంది. ఇటు ఫిషింగ్ హార్బర్, అటు అనకాపల్లి బెల్లం. చేపల తలలు, పేగులు ఒక కిలో, నల్లబెల్లం ఒక కిలో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో గాలి పోయే సందు వదిలి నీడన ఉంచితే మూడు నాలుగు వారాల్లో చిక్కటి ద్రావణం అవుతుంది. దాన్నే మీనామృతం అంటారు. లీటరు నీళ్ళకు రెండు మూడు మిల్లీలీటర్లు మించకుండా పదిహేను రోజులకోసారి పోస్తే ఆకుకూరలు బాగా తేరుకుంటాయి. గాజు సీసాలో బిగించి పెడితే లోపలి గ్యాస్‌కి పగిలిపోయే ప్రమాదం ఉంది. మొదటి వారం వాసనకు పక్కింటివాళ్ళు ఏమంటారన్నది ఎవరికి వారు చూసుకోవాలి. పిల్లులు మాత్రం తప్పకుండా వస్తాయి.

పండ్లు, పైసలు

పండ్ల మొక్కల్లో డ్రమ్ముకు సరిపడేవి నిమ్మ, జామ, సపోటా, మల్బరీ, డ్రాగన్ ఫ్రూట్. దానిమ్మ చాలామందిని నిరాశపరుస్తుంది. అనంతపురం లాంటి పొడి గాలి దానికి సొంతూరు. ఇక్కడి తేమకు కాయ మీద మచ్చలు, పగుళ్ళు వస్తాయి. ఇక్కడి నర్సరీల్లో దొరికే అంటు మొక్కల్లో చాలావరకు కడియం నుంచి వచ్చేవే. బంకమట్టి ముద్దతో వస్తాయి. ఆ ముద్దను అలాగే కోకోపీట్ మిశ్రమంలో దించితే చుట్టూ తడిగా ఉన్నా లోపల ముద్ద ఎండి రాయిలా అయిపోతుంది. పైపైన మట్టిని మెల్లగా రాల్చి, వేర్ల చివర్లు బయటపడేలా చేసి నాటాలి. సింహాచలం కొండ అనాసకు పేరు. వాలు నేల, ఎర్రమట్టి, తేమ గాలి దానికి బాగా పడ్డాయి. బజారులో కొన్న అనాస తలను మెలితిప్పి తీసి, రెండు రోజులు ఆరనిచ్చి కుండీలో గుచ్చినా బతుకుతుంది. కాయ చూడాలంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. బరువు తక్కువ, నీళ్ళు తక్కువ, గాలికి విరగదు. డాబాకు ఇంత అనువైన పండు మొక్కను జనం ఎందుకు పట్టించుకోరో అర్థం కాదు.

మరి డబ్బు మిగులుతుందా? మొదటి ఏడాది మిగలదు. గ్రో బ్యాగులు, కోకోపీట్, స్టాండ్లు, పైపులు కొన్న ఖర్చుకు సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో రైతుబజారుకు వెళ్తే నెలల తరబడి కూరగాయలు వస్తాయి. 1999లో రైతుబజార్లు మొదలయ్యాక నగరవాసికి కూరగాయ ధర విషయంలో కొంత ఆసరా దొరికింది. అక్కడ చవగ్గా వచ్చే ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్ కోసం కుండీలు ఆక్రమించుకోవడం దండగ. కిట్టుబాటయ్యేవి వేరే ఉన్నాయి. ఫ్రిజ్‌లో సగం కుళ్ళిపోయే కొత్తిమీర కట్ట, పప్పులోకి నాలుగు రెమ్మల కోసం కొనే కరివేపాకు, పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మ, ఎండకు కోసిన రోజే వాడిపోయే ఆకుకూరలు. వీటిలో కావాల్సింది చిటికెడు, కొనాల్సింది కట్ట. రెండు కుండీల్లో పుదీనా, వామాకు, ఒక పెద్ద కుండీలో కరివేపాకు, నాలుగు తొట్లలో వారం తేడాతో తోటకూర, పాలకూర, గోంగూర, ఒక పందిరికి దొండ. నలుగురున్న ఇంటికి ఇదంతా కలిపి మూడు నాలుగు వందల కిలోలు దాటదు. గోడ వెంట పెడితే స్లాబుకు తెలియను కూడా తెలియదు. టమాటా తినాలనిపిస్తే దీపావళి వెళ్ళిన వారంలో నాలుగు మొక్కలు నాటుకోవచ్చు. మార్చి మొదట్లో వాటిని పీకేసి, అదే కుండీలో గోరుచిక్కుడు గింజలు వేస్తే సరి.